సుగరుందా? కంటి ఫొటో తీయించుకోండి!

అన్నంలో రాయి పడిందని ఆరోజు మా అన్న కంచం ముందర నుంచి లేచిపోయినాడు. "ఈ మధ్య నీకు పని మీద ధ్యాస లేదు" అని వదినను అందరం తలా ఒక మాట అన్నాం. పాపం, ఆమె తప్పేం లేదు. పదేండ్లుగా సుగరు. "ఏమోనమ్మా, చాటలో బియ్యం మసగ్గా కనపడతాండాయి" అనింది నాతో. అద్దాలు రెండుసార్లు మార్చినా లాభం లేకపోయింది. చివరకు ప్రొద్దుటూరులోనే కంటి డాక్టరుకు చూపిస్తే, లోపం కంటి లోపలి తెరలో ఉందని తేలింది.

ఆ తెరనే రెటీనా అంటారు. సుగరు చాలాకాలం అదుపులో లేకుంటే దాని సన్నని రక్తనాళాలు దెబ్బతిని, నీరు, రక్తం కారుతాయి. మొదట్లో నొప్పి ఉండదు, చూపూ తగ్గదు. అదే మోసం!

దీన్ని కనిపెట్టే పరీక్షలు ముఖ్యంగా మూడు.

ఫండస్ ఫొటో: చాలాసార్లు చుక్కల మందుతో కంటిపాపను పెద్దది చేసి, రెటీనాకు ఫొటో తీస్తారు. చుక్కలు వేస్తే కొన్ని గంటలు చూపు మసకగా ఉంటుంది. తోడు తీసుకుపోండి, బండి నడపొద్దు.

ఓసీటీ: 1991లో వెలుగులోకి వచ్చిన పద్ధతి. ఓళిగను కోస్తే లోపల పూర్ణం ఎంత మందమో తెలిసినట్టు, వెలుతురుతోనే రెటీనా పొరలనూ వాపునూ చూపిస్తుంది. సూదీ లేదు, నొప్పీ లేదు.

యాంజియోగ్రాం: అందరికీ అక్కరలేదు. చేతి నరానికి రంగు మందు ఎక్కించి, నాళాలు ఎక్కడ కారుతున్నాయో ఫొటోలు తీస్తారు. ఒకరోజు మూత్రం పచ్చగా వస్తుంది, గాబరా పడొద్దు. అలర్జీ, గర్భం, కిడ్నీ జబ్బు ఉంటే ముందే చెప్పాలి.

ఈ ఫొటోలను దూరానికి పంపి డాక్టరు సలహా తీసుకోవచ్చు. 1987లో హైదరాబాదులో మొదలైన ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ, పల్లెల్లోని దృష్టి కేంద్రాలను ఇలాగే పెద్ద డాక్టర్లతో కలుపుతోంది.

వదినకు లేజరు చేసి, కంట్లో ఇంజెక్షన్లు ఇచ్చినారు. పోయిన చూపంతా తిరిగి రాలేదు గానీ, ఉన్నది నిలిచింది. రెండేళ్ళు ముందు పోయి ఉంటే ఎంత బాగుండేది!

మనలో చాలామందికి వచ్చే టైపు 2 సుగరైతే, తెలిసిన వెంటనే ఒకసారి, ఆ తర్వాత డాక్టరు వేరేగా చెప్పకుంటే ఏడాదికోసారి రెటీనా చూపించుకోవాలి. టైపు 1 అయితే ఐదేళ్ళ లోపల మొదలుపెట్టాలి. ముందునుంచే సుగరున్నవాళ్ళు గర్భం దాలిస్తే మొదటి మూడు నెలల్లోనే చూపించుకోవాలి.

అక్కలారా, ఇంట్లో అందరి మందులూ వేళకు గుర్తుచేసేది మనమే. మన కళ్ళ సంగతికొచ్చేసరికి "పండగ పోనీలే" అంటాం. బియ్యంలో రాళ్ళు కనపడకుండా పోయేదాకా మాత్రం ఆగొద్దండీ!