తాతల జాడ తెలిపే పాత దస్తరాలు

అహోబిలం: ఇక్కడి గుడిలోని శాసనాల్లో రాజుల పేర్లు కనిపిస్తాయి. శ్రీకృష్ణదేవరాయలు స్వామికి సమర్పించుకున్న కానుకల వివరం రాతి మీద నిలిచి ఉంది. మరి రాజులు కాని మన తాతముత్తాతల పేర్లు ఎక్కడ దొరుకుతాయి? వారి వంశమేది, ఎక్కడ మట్టిలో కలిశారు? దీనికి జవాబు రాళ్లలో కంటే కాగితాల్లోనే ఎక్కువ. ఈ చుట్టుపక్కల అందరికీ తెలిసిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కథే ఇందుకు నిదర్శనం.

నరసింహారెడ్డి నొస్సం పాలెగాడు జయరామిరెడ్డికి కూతురి కొడుకు. 1800లో నిజాం ఈ సీమను ఇంగ్లీషు కంపెనీకి ధారాదత్తం చేశాక, కలెక్టరు మన్రో పాలెగాళ్ల అధికారం తీసేసి భరణాలు ఏర్పరిచాడు. నరసింహారెడ్డి వంతుకు నెలకు వచ్చేది 11 రూపాయల 10 అణాల 8 పైసలు. తాత భరణం కూడా తనకు చెందాలని అడిగితే కంపెనీ కాదంది. ఎవరికి ఎవరు వారసులో తేల్చడానికి రాసిన ఇలాంటి భరణం కాగితాలే నేడు వంశవృక్షాలకు ఆధారం.

1846లో ఆయన తిరగబడి కోవెలకుంట్ల ఖజానా మీద పడ్డాడు. అదే ఏడాది అక్టోబరులో పేరుసోమల కొండల్లో పట్టుబడ్డాడు. 1847 ఫిబ్రవరి 22న కోవెలకుంట్లలో ఉరి తీశారు. జనం భయపడాలని తలను కోట మీద వేలాడదీశారు. 1877 దాకా, అంటే ముప్పై ఏళ్లు, అది అక్కడే ఉంది. కళ్లెదుట తల వేలాడుతుంటే అయినవాళ్లు కర్మకాండ ఎలా జరుపుకుంటారు? సమాధి ఎక్కడ కడతారు?

భరణాలు ఏర్పరిచిన మన్రో సంగతి వేరు. 1827 జులై 6న పత్తికొండలో కలరాతో చనిపోతే గుత్తిలో పాతిపెట్టారు. తరువాత 1831లో అస్థికలను మద్రాసు కోటలోని చర్చికి చేర్చారు. అన్నీ రాతకెక్కాయి.

ఈ వెతుకులాటలో చాలామంది ఒకచోట దారి తప్పుతారు. కోవెలకుంట్ల ఇప్పుడు నంద్యాల జిల్లాలో ఉంది, 2022కు ముందు కర్నూలు జిల్లాలో ఉండేది. కనుక కర్నూలు కాగితాలు తిరగేస్తారు. కాని తిరుగుబాటు నాటికి ఆ తాలూకా కడప జిల్లాది. 1858లో గాని కర్నూలులో కలవలేదు. అప్పటి సంగతులు కడప కలెక్టరు ఉత్తరాల్లో చూడాలి. మద్రాసు ప్రభుత్వపు పాత దస్తరాలు చెన్నై ఎగ్మోరులోని తమిళనాడు ఆర్కైవ్సులో ఉన్నాయి. ఆ తిరుగుబాటులో శిక్షపడినవారు వందమందికి పైనే. ఈ పల్లెల వారికి తమ ముత్తాత పేరు ఆ కేసు కాగితాల్లో కనిపించినా ఆశ్చర్యం లేదు.

అంతకు ముందటి ముచ్చట్లకు కైఫీయతులున్నాయి. కల్నల్ మెకంజీ మనుషులు ఊరూరా తిరిగి, కరణాలు చెప్పిన గ్రామ చరిత్రలు రాయించారు. కడప జిల్లా కైఫీయతులను కడపలోని బ్రౌను గ్రంథాలయం వారు అచ్చు వేయించారు. మాన్యం భూములున్న కుటుంబాలైతే 1858లో ఏర్పడిన ఇనాం కమిషను రిజిస్టరు చూడాలి. అందులో మాన్యందారు పేరు, అది ఎవరి నుంచి సంక్రమించిందీ రాసి ఉంటుంది.

1984లో కరణాల వ్యవస్థ రద్దయింది. ఏ ఇల్లు ఎవరిదో, ఎవరి తాత ఎవరో నోటితో చెప్పగల పెద్దలు తగ్గిపోతున్నారు. ఇంట్లో ముసలివారు ఉండగానే తాత పేరు, ఊరు, మాన్యం వివరం అడిగి రాసుకోవాలి. దాని పక్కన ఆనాటి తాలూకా, ఆనాటి జిల్లా కూడా రాసుకుని బయలుదేరితే సగం దారి నడిచినట్టే.