క్రొత్త కారు బేరము



పల్లెటూళ్లలో కారనునది ఒకప్పుడు ఏ జమీందారునకో, ఏ పట్టణపు వైద్యునకో ఉండెడి వస్తువు. నేడు రెండు పంటలు చక్కగా చేతికి వచ్చిన రైతును, ఉద్యోగము చేయు కుమారులుగల గృహస్థును కారు కొనవలెనని తలచుచున్నారు. ఇంటి కట్టుబడికిని, బిడ్డ పెండ్లికిని తరువాత ఒక కుటుంబము ఒక్కమారుగా వెచ్చించు పెద్ద మొత్తము అనేకుల విషయమున ఇదియే. పిల్లలు రంగును, రూపమును చూతురు. సొమ్ము సమకూర్చుటకును, హామీ సంతకము చేయుటకును పెద్దలు కావలెను. అందుచేత ఈ ప్రసంగమును పెద్దల నుద్దేశించియే చేయుచున్నాను. కారు యంత్రమును గూర్చి నేను చెప్పబోవుట లేదు. దానిని అమ్ము దుకాణములో, అనగా షోరూములో, కొనువారికి కలుగు అనుభవములను, వానివలన మనము నేర్చుకొనదగిన దానిని మాత్రమే మనవి చేసెదను.

సంతలో ఎద్దును కొనుట మీరెరుగనిది కాదు. పండ్లు పట్టి వయస్సు తెలిసికొందుము. సుడులు చూతుము. కాడి కట్టి నాలుగడుగులు నడిపింతుము. ఇదంతయు ముగిసిన పిమ్మటనే తువాలు క్రింద వ్రేళ్లు పట్టి బేరమాడుదుము. రూకలు చేతులు మారి, పలుపు మన చేతికి వచ్చిన తరువాత ఎద్దు కుంటిదని మొరపెట్టిన వినువాడు లేడు. కారు విషయమునను ఇదే న్యాయము. కొనువాని బలము సొమ్ము చెల్లించునంతవరకే. అయినను ఎద్దుకడ ఇంత జాగ్రత్త చూపు మనము, నిగనిగలాడు నేలయు, చల్లని గదియు, కాఫీ మర్యాదయు చూడగానే మొగమోటపడి అడుగవలసిన మాట అడుగకుందుము.

మొట్టమొదట మనకు అమ్ముచున్నవాడెవ్వడో తెలిసికొనవలెను. షోరూము ముంగిట ఏదో గొప్ప కంపెనీ పేరు పెద్ద అక్షరములతో కనబడును. కాని పెక్కు సందర్భములలో ఆ దుకాణము కంపెనీవారిది కాదు. కంపెనీవద్ద కార్లు కొని తిరిగి అమ్మెడి వేరొక వర్తకునిది. అతనినే డీలరందురు. ఈ భేదము చిన్నది కాదు. గోవాలో ఒకరు 2011లో క్రొత్త కారునకు సొమ్ము చెల్లింపగా, డీలరు 2009లో తయారైన కారును, అప్పటికే కొంతదూరము నడిచినదానిని, వారికి అంటగట్టెను. వారు వినియోగదారుల న్యాయస్థానములలో గెలిచిరి. కాని 2021లో సుప్రీంకోర్టు, డీలరు చేసిన ఈ పని తయారుచేసిన కంపెనీకి తెలిసినట్లు రుజువు లేదనియు, కంపెనీకిని డీలరుకును గల సంబంధము ఇద్దరు వర్తకుల నడిమి సంబంధమే యనియు చెప్పి, కంపెనీపై ఇచ్చిన ఉత్తరువును కొట్టివేసెను. యంత్రములోని లోపమునకు వారంటీ పత్రము మేరకు కంపెనీ జవాబుదారియే. కాని డీలరు చేసిన వాగ్దానములకు, అతడు దాచిన దోషములకు డీలరునే పట్టుకొనవలసి వచ్చును. కావున మనకు మాట ఇచ్చినది ఏ సంస్థయో, రసీదుపై ఏ పేరున్నదో చూచుకొనుట ముఖ్యము.

ఇక ధర సంగతి. పత్రికలలో ప్రకటించునది షోరూము ధర. కారు మన ఇంటి ముంగిటికి వచ్చునప్పటికి అయ్యెడిది వేరు. దానిని ఆన్‌రోడ్డు ధర యందురు. ఈ రెంటికి నడుమ జీవితకాలపు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషను రుసుము, బీమా ఉండును. ఇవి తప్పనివి. వీనిప్రక్కనే తప్పించుకొనదగినవి కొన్ని వచ్చి కూర్చుండును: అదనపు వారంటీ, సీట్ల తొడుగులు, రంగు చెడకుండ పూత, ఇంకను హ్యాండ్లింగు ఛార్జీలనునవి.

గడచిన యేడు మా మేనల్లునితో కలిసి నేనును ఒక షోరూమునకు వెళ్లితిని. వారు ఇచ్చిన లెక్కల కాగితములో హ్యాండ్లింగు క్రింద 8,500 రూపాయలు కనబడెను. “నాయనా, ఇది దేనికి?” అని ఆ యువకుని అడిగితిని. “అందరును ఇచ్చునదే నండి, కారును గోదాము నుండి తెచ్చి శుభ్రముచేసి ఇచ్చుటకు” అని అతడు చెప్పెను. “అమ్ము సరకును అంగడికి తెచ్చుకొనుట అమ్మువాని పని కదా, మే మేల ఇయ్యవలెను? ఇది ప్రభుత్వమునకు చెల్లించునదైనచో దాని రసీదు చూపుము” అంటిని. అతడు లోనికి పోయి వచ్చి, మారుమాటాడక ఆ పంక్తిని కొట్టివేసెను. కోపముగాని, పెద్దగొంతుగాని అవసరము కాలేదు. ఒక్కొక్క పంక్తికిని ఇది ఎవరికి చేరును, దీని రసీదు ఎక్కడ అని అడిగిన చాలినది. కాగితము తీసికొని, తప్పనిసరి పంక్తులకు ఒక గుర్తును, మన ఇష్టముపై నున్న వానికి వేరొక గుర్తును పెట్టుకొనుడు. సగము బేరము అక్కడనే తేలును.

పన్నుల మాట వచ్చినది కావున రెండు సంగతులు చెప్పెదను. 2025 సెప్టెంబరు 22వ తేదీ నుండి కార్లపై జీఎస్టీ మారినది. నాలుగు మీటర్ల పొడవునకు మించక, పెట్రోలుదైనచో 1200 సీసీలోపు, డీజిలుదైనచో 1500 సీసీలోపు యంత్రముగల చిన్న కార్లపై పన్ను నూటికి 18గా నిర్ణయింపబడెను. అంతకుముందు అది 28; ఆపై సెస్సును ఉండెడిది. పెద్ద కార్లపై 40 శాతము, విద్యుత్తుతో నడుచు కార్లపై 5 శాతము. ఈ పన్ను షోరూము ధరలోనే కలిసియుండును. కావున మనకు చూపు ధరల పట్టిక ఏ తేదీదో అడుగవలెను. రెండవది, కారు ధర 10 లక్షల రూపాయలు మించినచో డీలరు నూటికొక రూపాయి చొప్పున అదనముగా వసూలుచేసి ఆదాయపు పన్ను శాఖకు కట్టును. 12 లక్షల కారునకు ఇది 12,000 రూపాయలు. ఈ సొమ్ము పోయినది కాదు. కొనువాని పేర జమయగును. వ్యవసాయము తప్ప వేరు ఆదాయము లేక, పన్ను కట్టనక్కరలేని రైతు సైతము రిటర్ను దాఖలుచేసి దీనిని తిరిగి పొందవచ్చును. మన పాన్ సంఖ్య సరిగా వ్రాసిరో లేదో చూచుకొనుట అందులకే.

బీమా విషయమున డీలర్ల పట్టుదల ఎక్కువ. దానిపై వారికి ఆదాయము గలదు. చట్టము కోరునది ఇంతే: మన కారువలన ఇతరులకు కలుగు నష్టమునకు బీమా ఉండవలెను. 2018 సెప్టెంబరు 1 నుండి క్రొత్త కారునకు ఈ బీమాను మూడేండ్లకు ఒక్కసారిగా తీసికొనవలెనను నియమము సుప్రీంకోర్టు ఆదేశము ననుసరించి వచ్చినది. మన కారునకు కలుగు నష్టపు బీమా ఏడాదికి తీసికొనిన చాలును. దీనిని ఏ కంపెనీవద్ద కొనుటయు మన ఇష్టము. ఫలానావారి బీమాయే కొనవలెనని డీలరు నిర్బంధింపరాదని బీమా నియంత్రణ సంస్థ 2017లోనే నియమము చేసినది. బయట ఒక ధర తెలిసికొని పోయినచో షోరూములోని ధర తనంతట దిగివచ్చుట నేను కన్నులార చూచితిని. అప్పు విషయమునను ఇట్లే. మీరు ఖాతా పెట్టుకొన్న బ్యాంకులో వడ్డీ ఎంతయో ముందు అడిగి, తరువాత షోరూము గడప త్రొక్కుడు. నెలవాయిదా ఎంతయని కాక, కడకు మొత్తము ఎంత చెల్లింతుమని అడుగుడు.

మా ప్రక్కయూరి రైతొకరు ఉగాదికి కారు రావలెనని బయానా కట్టిరి. నాలుగు నెలలు గడచెను. ఈలోపల ధర పెరిగెను. “నాటి ధరకే ఇత్తుమంటిరి కదా” యని వారడుగగా, రసీదు వెనుక సన్నని అక్షరములతో, కారు అప్పగించునాటి ధరయే చెల్లునని అచ్చువేసి యుండుట చూపిరి. నోటిమాట చెప్పిన యువకుడు అప్పటికి ఉద్యోగము మానిపోయెను. బయానా ఇచ్చుటకు ముందు మూడు సంగతులు కాగితముపై వ్రాయించుకొనవలెను: కారు ఏ తేదీలోపల ఇత్తురు, ధర పెరిగినచో ఎవరు భరింతురు, మనము వలదన్నచో బయానా ఎంత తిరిగి వచ్చును.

తరువాత కారును చూచుకొనుట. దీనికి పండుగదినపు సాయంకాలము పనికిరాదు. మా బంధువు, విశ్రాంత ప్రధానోపాధ్యాయులు, దసరానాటి రాత్రి దీపముల వెలుతురులో పూలదండతో కారు అందుకొనిరి. మరునాడు ఎండలో చూడగా ఒక తలుపు రంగు తక్కిన తలుపుల రంగుతో కలియుట లేదు. ఎక్కడనో తగిలిన దెబ్బకు మరల రంగు వేసిరి. అది గోదాములో తగిలెనో, దారిలో తగిలెనో రుజువుచేయుటకు వారికి ఆరు నెలలు పట్టినది. కావున పూర్తి సొమ్ము కట్టుటకును, రిజిస్ట్రేషనుకును ముందే పగటివేళ గోదామునకు పోయి, మనకు కేటాయించిన కారునే చూపుమనవలెను. ఒకసారి మన పేర రిజిస్టరైన పిమ్మట ఆ కారు చట్టరీత్యా పాతదే; డీలరు దానిని మార్చి వేరొకటి యిచ్చుట కష్టము.

ఎద్దునకు పండ్లవలె కారునకు చేసిస్ సంఖ్య. అది 17 అక్షరములును అంకెలును గల సంకేతము. తయారైన నెల, సంవత్సరము అందులో ఇమిడియుండును. దానిని చదువ నేర్వనక్కరలేదు. ఫారము 21 అను అమ్మకపు ధ్రువపత్రములో తయారైన నెల, సంవత్సరము తేటగా వ్రాయవలసియున్నది. ఆ పత్రములోని సంఖ్యయు, కారుపై చెక్కిన సంఖ్యయు ఒక్కటియే కావలెను. తిరిగిన దూరము చూపు మీటరును చూడుడు. నలుప్రక్కల తలుపుల రంగు, టైర్లు, అద్దములు, అడుగుభాగపు తుప్పు చూడుడు. రిజిస్ట్రేషను సంఖ్యగాని, తాత్కాలిక సంఖ్యగాని లేక కారును రోడ్డెక్కింపకుడు, అది చట్టవిరుద్ధము.

పాత కారును ఇచ్చి క్రొత్తది తీసికొనువారు మరియొక సంగతి గుర్తుంచుకొనవలెను. పాత కారు తాళములు ఇచ్చినంతమాత్రమున మన బాధ్యత తీరదు. రవాణా శాఖ పుస్తకములలో పేరు మారనంతవరకు, ఆ కారు ఎవరినైన గ్రుద్దినచో పరిహారపు బాధ్యత పుస్తకములలోని యజమానిపై పడునని సుప్రీంకోర్టు 2018లో తీర్పు చెప్పియున్నది. కావున పాత కారు అప్పగించిన తేదీ, గంట వ్రాయించి సంతకము తీసికొనుడు. పేరు మారిన పత్రపు నకలు వచ్చువరకు విడువకుడు.

ఇంత చేసినను అన్యాయము జరిగినచో దారి యున్నది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము 2020 జులై నుండి అమలులోనికి వచ్చినది. దీనిచొప్పున మనము కాపురముండు జిల్లాలోని కమిషనులోనే ఫిర్యాదు చేయవచ్చును. డీలరున్న నగరమునకు పోనక్కరలేదు. వ్యాజ్యమునకు కారణము పుట్టిన రెండేండ్లలోపల చేయవలెను. 5 లక్షలలోపు చెల్లించిన సరకునకు రుసుము లేదు. 10 లక్షలవరకు 200 రూపాయలు, 20 లక్షలవరకు 400 రూపాయలు మాత్రమే. వకీలు లేకయే మన మాట మనము చెప్పుకొనవచ్చును. అంతకుముందు 1915 అను సంఖ్యకు ఫోను చేసినచో జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రమువారు మన ఫిర్యాదును ఆ సంస్థకు పంపుదురు. అయితే కమిషను అడుగు మొదటి ప్రశ్న, కాగితమేది? అని. బయానా రసీదు, లెక్కల కాగితము, ఇన్‌వాయిసు, బ్యాంకు ద్వారా చెల్లించిన ఆధారము ఒక సంచిలో భద్రముగా నుంచినవారికే ఆ తలుపు సులభముగా తెరచుకొనును.

డీలర్లందరును మోసగాండ్రని నా అభిప్రాయము కాదు. చెప్పిన దినమున, చెప్పిన ధరకు, మచ్చలేని కారునిచ్చి, ఏడాది తరువాత కూడ పలుకరించువారిని నే నెరుగుదును. మంచి వర్తకుడు మన ప్రశ్నలకు నొచ్చుకొనడు. కాగితముపై వ్రాసియిచ్చుటకు వెనుకాడడు. వెనుకాడినచో ఆ వెనుకాటయే మనకు సమాధానము. అప్పుడు లేచి వేరొక అంగడికి పోవుటలో అగౌరవ మేమియు లేదు. పిల్లలు తొందరపడుదురు, అది వారి వయస్సు ధర్మము. సొమ్ము చెల్లించు చేతిని రెండు దినములు ఆపి, నాలుగు ప్రశ్నలు అడుగుట పెద్దల ధర్మము.