చవుడు నేలల ఊళ్ళలో నీటితొట్టి ఆకుకూరలు

ఇందుకూరుపేట, తోటపల్లిగూడూరు, ముత్తుకూరు, విడవలూరు మండలములలో సముద్రమునకు చేరువగా నున్న రైతు సోదరులకు ఈ చిక్కు అనుభవములో నున్నదే. చెరువులో రొయ్య పెరుగును గాని, పెరటిలో నాలుగు కట్టల కొత్తిమీర నిలువదు. నేల చవుడు, బోరునీరు ఉప్పు. అట్టి ఇండ్లలో మట్టి లేకుండ, పోషకములు కలిపిన నీటితొట్టెలలో, వరండాలోనో కిటికీ ప్రక్కనో ఆకుకూరలు పెంచుకొనవచ్చును.

ఇది నిన్న మొన్నటి పద్ధతి కాదు. 1930 ప్రాంతమున కాలిఫోర్నియాలో గెరిక్ అను శాస్త్రజ్ఞుడు ఈ విధముగా టమాటా పండించి చూపెను. 1940 దశకము చివర మన దేశములోనే బెంగాలునందలి కాలింపాంగులో షోల్టో డగ్లస్, సామాన్యుల ఇండ్లకు తగిన చౌక విధానమును రూపొందించెను.

ఉప్పు ఎక్కడికి పోవును?

మట్టి లేనంత మాత్రమున ఉప్పు బాధ తప్పదు. మొక్క నీటిని త్రాగును, ఉప్పును చాలవరకు విడిచిపెట్టును. పొలములోని ఉప్పును వాన కొంత కడిగివేయును. తొట్టికి ఆ దారి లేదు.

లెక్క చూడుడు. లీటరుకు 1 గ్రాము ఉప్పున్న బోరునీటిని 10 లీటర్ల తొట్టిలో పోసితిరి. నెలలో మొక్కలు త్రాగిన 20 లీటర్లకు బదులు అదే నీటిని మరల పోసితిరి. లోనికి పోయినది 30 గ్రాముల ఉప్పు. అందులో అధిక భాగము ఆ 10 లీటర్లలోనే మిగులును. అప్పుడు ఆకుల అంచులు మాడును. అది ఎరువు చాలక అనుకొని మరికొంత ఎరువు వేసినచో ఉప్పుపై ఉప్పు వేసినట్లగును. మొక్క చచ్చును.

ఏ నీరు పోయవలెను?

వాననీరు శ్రేష్ఠము. మన జిల్లాకు ముఖ్యమైన వానలు అక్టోబరు నుండి డిసెంబరు వరకు కురియును. 20 చదరపు మీటర్ల మిద్దెపై 5 సెంటీమీటర్ల వాన కురిసిన 1000 లీటర్ల నీరగును. మొదటి వాన నీటిని వదలి, తరువాతి నీటిని మూతగల ట్యాంకులో నిలువ చేయవలెను. ఒక్కొక్క తొట్టికి నెలకు 30 లీటర్ల చొప్పున, 4 తొట్లకు 6 నెలలకు 720 లీటర్లు చాలును. నీటిని ఇ.సి. మీటరుతో చూడగా 0.5 లోపు ఉన్నచో మేలు. 1 దాటిన నీరు వాడరాదు.

ఎరువు కలుపుట

10 లీటర్ల నీటికి కాల్షియం నైట్రేటు 7 గ్రాములు, పొటాషియం నైట్రేటు (13-0-45) మూడున్నర గ్రాములు, 0-52-34 ఎరువు 2 గ్రాములు, మెగ్నీషియం సల్ఫేటు 4 గ్రాములు, సూక్ష్మపోషక మిశ్రమము ప్యాకెట్టుపై సూచించిన మేరకు కలుపవలెను. కాల్షియం నైట్రేటును వేరు చెంబులో కరిగించి చివర పోయవలెను. తక్కిన వానితో చిక్కగా కలిపినచో తెల్లని మడ్డి పేరుకొనును. పి.హెచ్. 5.5 - 6.5 నడుమ ఉండవలెను.

యూరియా వేయరాదు. దానిని మార్చి మొక్కకు అందించు సూక్ష్మజీవులు మట్టిలో సమృద్ధిగా నుండును, తొట్టినీటిలో అంతగా నుండవు. 19:19:19 లోని నత్రజనిలో కూడ సగమునకు పైగా యూరియా రూపముననే యుండును.

తొట్టి, నాటు

తొట్టి వెలుతురు చొరనిదై, మూత బిగువుగా నుండవలెను. లేనిచో పాచి పట్టును, దోమలు గ్రుడ్లు పెట్టును. మూతకు రంధ్రములు చేసి, చిల్లుల కప్పులలో కొబ్బరిపొట్టు నింపి నారు నిలుపవలెను. ఉప్పుటేటి నీటిలో నానిన కొబ్బరిపొట్టులో ఉప్పు దాగియుండును. మంచినీటితో రెండు మూడు సార్లు కడుగవలెను.

మొదట నీరు కప్పు అడుగును తాకవలెను. నీరు తగ్గినకొలది ఏర్పడు ఖాళీలో వేళ్ళు గాలి పీల్చుకొనును; కావున పంపుగాని కరెంటుగాని అవసరము లేదు. తిరిగి పోయునపుడు సగము మోతాదు ఎరువు కలిపిన మంచినీటిని తొట్టి సగము వరకే పోయుడు. నిండుగా పోసినచో గాలికి అలవడిన వేళ్ళు మునిగి కుళ్ళును. ఇ.సి. 2.5 దాటినను, నెల గడచినను నీరంతయు మార్చి, పాతనీటిని కొబ్బరిచెట్టు మొదట పోయుడు.

ఏ కాలమున ఏ కూర?

రోజుకు 5, 6 గంటల ఎండ తగులు తూర్పు వరండా మంచిది. కొత్తిమీర, మెంతికూర, పాలకూర అక్టోబరు నుండి ఫిబ్రవరి వరకు వేయుడు. వేసవిలో పుదీన, తోటకూర, బచ్చలి తగినవి. ఎండ కాలమున తొట్టికి తడిగోనె చుట్టుడు. వేడెక్కిన నీటిలో ప్రాణవాయువు తగ్గి వేళ్ళు చెడును.

ఈ ఏడు ఒక్క తొట్టితో ప్రారంభింపుడు. తొట్టి కొనుటకు ముందు మీ బోరునీటిని కృషి విజ్ఞాన కేంద్రమునకు తీసికొనిపోయి పరీక్ష చేయించు విధము తెలిసికొనుడు. నీటి సంగతి తెలిసినచో తక్కిన పని సులభము.