ఆర్గానిక్ అంటే బట్టీ పట్టే చదువేనా?

ఇంటర్‌లో ఏ సబ్జెక్టు ఎక్కువ ఏడిపించిందని మన క్యాంపు మెస్‌లో అడిగి చూడండి. చాలామంది ఆర్గానిక్ కెమిస్ట్రీ పేరే చెబుతారు. షట్కోణాలు, బాణాలు, నోరు తిరగని పేర్లు. లెక్చరర్ బోర్డు మీద రాస్తే నోట్సులోకి దించుకోవడం, పరీక్ష అవగానే మరిచిపోవడం! పనిలోకి వచ్చాక ఆ చదువుతో ఏం పనుంది అనేవాళ్లూ ఉన్నారు. మేం మాత్రం ఒప్పుకోం.

చలికాలంలో ట్రక్కు అద్దాల కోసం పోసే వాషర్ ఫ్లూయిడ్ సంగతే తీసుకోండి. గడ్డకట్టకుండా ఉండేందుకు చాలా రకాల్లో మిథనాల్ కలుపుతారు. తాగే మద్యంలో ఉండేది ఇథనాల్. రెండూ ఆల్కహాల్‌లే. మిథనాల్ అణువులో కార్బన్ ఒకటి, ఇథనాల్‌లో రెండు. ఆ ఒక్క కార్బన్ తేడాతో కళ్లు పోతాయి, ప్రాణమే పోవచ్చు.

ఎందుకలా? మన కాలేయం రెండింటినీ ఒకే దారిలో నడిపిస్తుంది. ఇథనాల్ చివరికి ఎసిటిక్ ఆమ్లం అవుతుంది. వెనిగర్‌లో ఉండేది అదే, శరీరం దాన్ని ఖర్చు చేసుకోగలదు. మిథనాల్ మొదట ఫార్మాల్డిహైడ్‌గా, ఆపైన ఫార్మిక్ ఆమ్లంగా మారుతుంది. కంటి నరాన్ని దెబ్బతీసేది ఈ ఆమ్లమే. అంటే అసలు హాని మిథనాల్ కంటే, దాని నుంచి కాలేయం తయారుచేసే సరుకుతోనే ఎక్కువ. అలాంటప్పుడు ఆ మార్పు జరిపే ఎంజైమును ఆపితే? ఆసుపత్రిలో ఇచ్చే ఫోమెపిజోల్ అనే మందు చేసే పని సరిగ్గా అదే.

ఇక్కడ ఒక ముఖ్యమైన మాట. మిథనాల్ తాగిన మనిషి కొన్ని గంటలపాటు మామూలుగానే కనిపించవచ్చు. చూపు మసకబారడం ఆ తర్వాత మొదలవుతుంది. ‘నిద్రపోతే తగ్గుతుందిలే’ అని వదిలేయకండి, వెంటనే 911కు ఫోన్ చేయండి. వాషర్ ఫ్లూయిడ్‌ను మంచినీళ్ల సీసాల్లో పోసి రూముల్లో పెట్టకండి.

ఆర్గానిక్ నేర్పేది ఈ ఆలోచనే. ఫలితాన్ని చూసి ఒక్కో మెట్టూ వెనక్కి వెళ్లడం. కంప్రెసర్ ఆగిపోతే మన మెకానిక్‌లు చేసేదీ అదే కదా! కావాల్సిన పదార్థం నుంచి మొదలుపెట్టి, అది దేని నుంచి వస్తుంది, అదెక్కడి నుంచి వస్తుంది అని వెనక్కి వెళ్లే పద్ధతిని ఒక శాస్త్రంగా తీర్చిదిద్దిన ఇ.జె. కోరీకి 1990లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఇలాంటి చిక్కుముడి విప్పినవాడు ఒకాయన మన పక్క ఊళ్లోనే పుట్టాడు. 881 హైవే మీదుగా ఫోర్ట్ మెక్‌ముర్రే వచ్చేవారికి లాక్ లా బిష్ తెలిసే ఉంటుంది. రేమండ్ లెమ్యూ 1920లో అక్కడ ఒక వడ్రంగి ఇంట పుట్టాడు. పంచదార అణువు అంటే గ్లూకోజు, ఫ్రక్టోజు ముక్కల జోడింపేనని అప్పటికే అందరికీ తెలుసు. కానీ ఆ రెండింటినీ సరైన కోణంలో అతికించడం పెద్ద పెద్ద ప్రయోగశాలలకే కుదరలేదు. తలుపు బందు కొంచెం అటూ ఇటూ అయితే తలుపు పడదు చూడండి, అలాంటి తంటా. 1953లో సస్కటూన్‌లో లెమ్యూ, జార్జ్ హ్యూబర్ కలిసి దాన్ని సాధించారు. వచ్చిన పంచదార కొంచెమే. కొట్లో కొంటే చవక కదా అని నవ్వుకోవచ్చు. అయితే చక్కెర ముక్కలను అతికించే ఆ నేర్పుతోనే లెమ్యూ తర్వాత ఎడ్మంటన్‌లో, రక్తం గ్రూపును నిర్ణయించే చక్కెర గొలుసులను తయారుచేశాడు.

ఇంటి దగ్గర పిల్లలు ఇంటర్ చదువుతుంటే, ఈసారి ఫోన్‌లో ‘ఎన్ని పేజీలు వచ్చాయి’ అని అడగొద్దు. ‘ఈ పదార్థం దేని నుంచి వచ్చింది? ఎలా తెలిసింది?’ అని అడిగి చూడండి.

మనలో ఎవరికైనా మళ్లీ చదవాలని ఉంటే, మన ఆల్బర్టాలోనే అథబాస్కా యూనివర్సిటీ ఉంది. చదువు దూరవిద్యలో సాగుతుంది. డిగ్రీ స్థాయి కోర్సుల్లో చేరడానికి 16 ఏళ్లు నిండి ఉంటే చాలు. ఆర్గానిక్‌కు ముందు మామూలు కెమిస్ట్రీ పూర్తిచేయాలి. ఫీజు ఎంత, ల్యాబ్ ఎక్కడ, ఆ రోజులు మీ షిఫ్టుకు కుదురుతాయా, మీ వర్క్ పర్మిట్ షరతులు ఏమిటి అన్నవి డబ్బు కట్టకముందే అడిగి తెలుసుకోండి.