పాటల డబ్బా, మిల్లు చెవులు

మల్లట్ లాంటి ఊళ్లల్లో ఇప్పుడు ఫోను లేని ఇల్లు దాదాపు లేదు. అయినా సంతలో ఆ చిన్న పాటల డబ్బాలకు గిరాకీ తగ్గలేదు. కార్డు పెట్టి పాటలు వినేది, ఎఫ్.ఎం. వచ్చేది, పెన్‌డ్రైవ్ దూర్చుకునేది, కొన్నింట్లో బ్లూటూత్ కూడా. మూడు వందల నుంచి ఎనిమిది వందల దాకా రకరకాలు. చేతిలో అన్నీ ఉన్న ఫోను ఉండగా ఇదెందుకు అని చదువుకున్న పిల్లలు నవ్వుతారు గానీ, లెక్క వేరే ఉంది. ఫోను మనిషితో పాటు షిఫ్టుకు వెళ్లిపోతుంది. ఇంట్లో మిగిలేది అమ్మమ్మ, నాయనమ్మ, పొయ్యి దగ్గర ఇల్లాలు. ఇంట్లో ఇంకో ఫోను ఉన్నా పిల్లల చేతి నుంచి దాన్ని లాక్కోవడం ఎవరి తరం? డబ్బాకు రీచార్జి అక్కర్లేదు, నెట్టు అక్కర్లేదు, పాట మధ్యలో ఫోను మోగదు. కళ్లు సరిగా కనబడని ముసలమ్మ కూడా తడుముకుని నొక్కుకోగలదు.

వెనకటికి ఈ సుఖం ఇంత చౌక కాదు. టేప్ రికార్డరు ఉన్న ఇల్లంటే వీధికంతటికీ తెలిసేది. అరవై నిమిషాల క్యాసెట్టు, లేదంటే తొంభై నిమిషాలది. రీలు చిక్కుకుంటే పెన్సిలు పెట్టి తిప్పడం ఆనాటి వాళ్లందరికీ వచ్చిన విద్య. జపాన్‌లో సోనీ కంపెనీ 1979లో వాక్‌మన్ తెచ్చాక పాట జేబులోకి వచ్చింది. 1998లో కొరియాలో ఎంపీ3 ప్లేయర్లు, 2001లో అమెరికాలో ఆపిల్ వారి ఐపాడ్ వచ్చాయి. ఐపాడ్ మన కొనుగోలు వరకు రానే లేదు, 2022లో దాని తయారీ కూడా ఆగిపోయింది. కానీ అదే పని చేసే చిప్పు చైనాలో లక్షల్లో తయారై, ప్లాస్టిక్ డబ్బాలో కూర్చుని మన సంతకు వచ్చింది.

కొనేటప్పుడు జరిగేదేమిటంటే, అమ్మేవాడు సౌండు మొత్తం పెంచి, “చూడక్కా, వీధంతా ఇనబడతాది” అంటాడు. పక్కన రంగురంగుల లైట్లు తిరుగుతుంటాయి. మనం అక్కడే పడిపోతాం. ఆ సౌండు మనకెందుకు పనికొస్తుంది చెప్పండి? పది అడుగుల గదిలో వీధంతా వినబడే పాట ఎవరికి? సౌండు పెంచమని కాదు, బాగా తగ్గించమని అడగండి. అన్నిటికన్నా కింది మెట్టులో పెట్టి చెవి దగ్గర పెట్టుకోండి. పాటలో మాటలు విడివిడిగా తెలుస్తున్నాయా? పాట లేనప్పుడు బుస్సుమనే చప్పుడు వస్తోందా? చౌక డబ్బా లోపం పెద్ద సౌండులో దాక్కుంటుంది, చిన్న సౌండులో బయటపడుతుంది. తెరమీద సౌండు అంకె చూపించే డబ్బా అయితే ఇంకా మంచిది. ఆ అంకెతో ఒక పని ఉంది, కింద చెబుతాను.

తర్వాత వెనక మూత తీసి చూడండి. బ్యాటరీ చేత్తో ఊడివచ్చేదిగా ఉంటే దాన్నే తీసుకోండి. చాలా డబ్బాల్లో పాత నోకియా ఫోన్లలో వాడిన బి.ఎల్-5సి రకం బ్యాటరీయే పడుతుంది. ఏ సెల్లు రిపేరు దుకాణంలోనైనా దొరుకుతుంది. లోపల అతికించేసిన బ్యాటరీ చచ్చిందంటే డబ్బా మొత్తం పోయినట్టే. బ్యాటరీ మీద 5000 అని రాసి ఉంటే నమ్మకండి. నోకియా వాళ్ల అసలు బి.ఎల్-5సి కెపాసిటీ వెయ్యి పైచిలుకు, అంటే 1020 ఎం.ఎ.హెచ్. మాత్రమే. అగ్గిపెట్టెంత బ్యాటరీలో దానికి అయిదింతలు పట్టదు. ఇక్కడ పెద్ద కంపెనీ చిన్న కంపెనీ అని కూడా లేదు. 2007లో నోకియాయే తన బి.ఎల్-5సి బ్యాటరీల్లో 4 కోట్ల 60 లక్షల దాకా చార్జింగులో వేడెక్కే ప్రమాదం ఉందని ప్రకటించి, మార్చి ఇస్తామంది. అందుకని రాత్రి తలగడ కింద పెట్టి చార్జింగు పెట్టొద్దు. బ్యాటరీ ఉబ్బితే మూత పట్టకపోవడమే మొదటి గుర్తు. దాన్ని నొక్కి మూత వేయాలని చూడకండి, మేకుతో పొడవకండి, పొయ్యిలో వేయకండి. తీసి కొత్తది వేసుకోండి.

చార్జింగు గురించి ఒక ముచ్చట. కొత్త డబ్బాలకు టైప్-సి రంధ్రం వస్తోంది. కొత్త ఫోనుతో వచ్చే రెండు వైపులా టైప్-సి ఉండే తీగ పెడితే కొన్ని చౌక డబ్బాలు అసలు చార్జి కావు. లోపల పెట్టాల్సిన రెండు చిన్న రెసిస్టర్లు మిగుల్చుకోవడమే దానికి కారణం. డబ్బా చెడిపోయిందని సంతకు మోసుకుపోకముందు, ఒకవైపు పాత వెడల్పు యు.ఎస్.బి. ఉన్న తీగతో చూడండి. చాలాసార్లు చార్జి అవుతుంది.

ఇక కార్డు. మనవాళ్లు చిప్పు అంటారు. సాధారణ క్వాలిటీ ఎంపీ3 పాట నిమిషానికి సుమారు ఒక ఎం.బి. తింటుంది. అయిదు నిమిషాల పాట అయిదు ఎం.బి. అంటే 8 జీబీ కార్డులో పదిహేను వందల పాటలు పడతాయి. రోజుకు గంట విన్నా ఆ పాటలన్నీ ఒకసారి తిరగడానికి నాలుగు నెలలు పడుతుంది. మరి 64 జీబీ కార్డు ఎందుకు? పైగా 32 దాటిన కార్డులు వేరే పద్ధతిలో ఫార్మాట్ అయి వస్తాయి, చాలా చౌక డబ్బాలు వాటిని చదవలేవు. వంద రూపాయలకు 64 జీబీ అని అమ్మేవాటిలో నకిలీలు ఎక్కువ. కంప్యూటర్లో 64 అని చూపిస్తుంది, అసలు పట్టేది అందులో చాలా తక్కువ. మొదటి పాటలు బాగానే పాడుతుంది, తర్వాతవి సగంలో తెగుతాయి. దుకాణంలో పాటలు ఎక్కించుకున్నాక మొదటి పాట కాదు, చివరి పాట పెట్టించి వినండి.

పాటలు ఎక్కించే దుకాణాల సంగతి అందరికీ తెలిసిందే. డబ్బిస్తే కార్డు నిండా పోస్తారు. పాటల హక్కు ఉన్న కంపెనీలకు చెప్పకుండా చేసే పని అది, కాపీరైటు చట్టం కింద నేరం కూడా. సొంతంగా కొన్న సీడీలుంటే, ఇంట్లో పెద్దవాళ్లు పాడేవి రికార్డు చేసుకుంటే ఆ చిక్కు లేదు. ఎఫ్.ఎం. రేడియో అయితే ఉచితమే. ఎక్కించుకున్న పాటలను ఫోల్డర్లుగా విడగొట్టుకోండి, ఫైలు పేర్ల ముందు 001, 002 అని అంకెలు పెట్టుకోండి. తెలుగులో పేరు రాస్తే చిన్న తెరమీద ప్రశ్న గుర్తులు వస్తాయి. అమ్మకు భజనలు కావాలంటే మొదటి ఫోల్డరులోనే పెట్టండి. ఆమె డబ్బా ఆన్ చేయగానే ఐటం సాంగు మోగితే ఆ డబ్బా మళ్లీ ముట్టుకోదు.

మన పిల్లలు బడిలో కన్నడం చదువుతారు. ఇంట్లో తెలుగు మాట్లాడతారు గానీ, తెలుగు మాట నిండుగా చెవిన పడేది ఎక్కువగా పాటల్లోనే. ఘంటసాల, సుశీల పాటలు వంటింట్లో మోగుతుంటే పిల్లలకు పాఠం చెప్పినట్టు ఉండదు, మాటలు మాత్రం అంటుకుంటాయి. అలాగని ఇక్కడి భాషను పక్కన పెట్టనక్కర్లేదు. మాన్వి జగన్నాథదాసుల పదాలు మన సొంత జిల్లా సొత్తు. కన్నడంలో రాజ్‌కుమార్‌కు గొంతైన పి.బి. శ్రీనివాస్ పుట్టింది మన కాకినాడలోనే. ఒకే కార్డులో రెండూ ఉండొచ్చు. ఇంట్లో ముసలామెకు వచ్చిన జోలపాటలు, సువ్వి పాటలు ఫోనులో రికార్డు చేసి డబ్బాలో వేసుకునే వాళ్లున్నారు, మంచి పని. ఫోను రికార్డింగు తరచుగా ఎం4ఎ రకంలో ఉంటుంది. డబ్బా అది పాడకపోతే దుకాణంలో ఎంపీ3గా మార్పించాలి, అంతే.

ఇంతవరకూ డబ్బా సంగతి. దాన్ని వినే చెవి సంగతి ఇంకా పెద్దది, అందులోనూ మిల్లు మనిషి చెవి.

మన పక్క బియ్యం మిల్లుల్లో, జిన్నింగు మిల్లుల్లో యంత్రం పక్క నిలబడ్డ మనిషికి చేయి చాచినంత దూరంలో ఉన్నవాడితో మాట్లాడాలంటే అరవాలి. అట్లా అరవాల్సి వచ్చిందంటే అక్కడి చప్పుడు 85 డెసిబెల్సు దాటిందని లెక్క. మామూలు మాట 60 దగ్గర ఉంటుంది. ఫ్యాక్టరీ నిబంధనల ప్రకారం 90 డెసిబెల్సు దగ్గర ఎనిమిది గంటలే పని చేయించాలి, చప్పుడు పెరిగిన కొద్దీ ఆ గంటలు తగ్గాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పాటలు వినేవాళ్లకు చెప్పిన లెక్క ఇంకా గట్టిది. 80 డెసిబెల్సు అయితే వారానికి 40 గంటలు, 90 అయితే వారానికి 4 గంటలు, 100 అయితే 20 నిమిషాలు. ఇప్పుడు ఈ రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టండి. 90 డెసిబెల్సు యంత్రం దగ్గర సోమవారం పొద్దున పనిలోకి దిగిన మనిషి, ఆ వారం రేషను సోమవారం మధ్యాహ్నానికే తినేశాడు. మిగిలిన అయిదున్నర రోజులూ అప్పే. షిఫ్టు దిగాక ఇయర్‌ఫోను పెట్టుకుని పెద్దగా పాటలు వింటే అది అప్పు మీద అప్పు.

లోపల జరిగేది ఇదీ. చెవి లోపల నత్తగుల్లలాంటి దాంట్లో సుమారు 15 వేల సన్నటి రోమ కణాలుంటాయి. చప్పుడును మెదడుకు అందించేవి అవే. పెద్ద చప్పుడుకు అవి అలిసిపోతాయి, విశ్రాంతి ఇస్తే కొంత కోలుకుంటాయి. రోజూ అదే దెబ్బ పడితే చచ్చిపోతాయి. వెంట్రుకలు మళ్లీ మొలిచినట్టు అవి మొలవవు. ముందు పోయేది సన్నటి శబ్దాలు. అందుకని చెవుడు వస్తున్న మనిషి “నాకు వినబడదు” అనడు. “మీరు సరిగా మాట్లాడరు” అంటాడు. పప్పు అంటే తప్పు అని, తాళం అంటే పాళం అని వింటాడు. ఆడవాళ్ల గొంతు, పిల్లల గొంతు మొదట చెదిరిపోతాయి. ఇంట్లో సగం జగడాలకు మూలం ఇదే అని నా అనుమానం.

సౌండు అంకె చూపించే డబ్బా కొనమన్నది ఇందుకే. సెలవు రోజు పొద్దున, ఇల్లు నిశ్శబ్దంగా ఉన్నప్పుడు, తెలిసిన పాట ఒకటి పెట్టి, మంచం దగ్గరి నుంచి మాటలన్నీ తెలిసేలా సౌండు సరిచేసుకోండి. అంకె ఎంత? 8 అనుకుందాం. కాగితం మీద రాసుకోండి. మళ్లీ షిఫ్టు దిగి వచ్చిన రోజు అదే పాట, అదే మంచం, అదే దూరం, ఇల్లు అంతే నిశ్శబ్దంగా ఉన్నప్పుడు చూడండి. 12 పెడితే గానీ మాటలు తెలియలేదంటే మీ చెవి ఆ పూట అలిసిపోయి ఉంది. మర్నాడు పొద్దున మళ్లీ 8కి వచ్చిందా, సరే. ఆర్నెల్ల తర్వాత సెలవు రోజు పొద్దున కూడా 12 కావలసి వస్తోందంటే అది అలసట కాదు. ఇది డాక్టరు పరీక్ష కాదు, డాక్టరు దగ్గరికి ఎప్పుడు వెళ్లాలో చెప్పే గుర్తు మాత్రమే. షిఫ్టు దిగాక చెవుల్లో గుయ్యిమని మోత రావడం, ఇంట్లోవాళ్లు టీవీ సౌండు ఎక్కువైందని గొడవ పడటం కూడా అలాంటి గుర్తులే.

మిల్లులో ఇయర్‌ఫోను పెట్టుకునే కుర్రాళ్లు కొందరున్నారు. మోత వినబడకుండా అంటారు. నిజానికి మోత అలాగే ఉంటుంది, దానిపైన వినబడాలని పాటను ఇంకా పైకి పెంచుతారు. ఇయర్‌ఫోనులో సౌండు పూర్తిగా పెంచితే 100 డెసిబెల్సు దాటగలదు. బెల్టు తెగినా, బస్తాల లాట్ జారినా, వెనక నుంచి లారీ వచ్చినా “జరుగు” అన్న కేక వినబడదు. చెవిలో దూది పెట్టుకోవడం కూడా పెద్దగా పనికిరాదు, మామూలు దూది చప్పుడును ఆపదు. కావలసింది రబ్బరు లేదా ఫోము ఇయర్‌ప్లగ్గులు, లేదా చెవులను మూసే మఫ్ఫులు. మోత ఎక్కువున్న చోట అవి మిల్లు యాజమాన్యమే ఇవ్వాలి. అడగడానికి మొహమాటం అక్కర్లేదు.

మోత వల్ల వచ్చే వినికిడి లోపం పరిహారం ఇవ్వాల్సిన వృత్తి వ్యాధుల జాబితాలో ఉంది. ఇది మనవాళ్లలో చాలామందికి తెలియదు, వయసు మీదపడిందని సరిపెట్టుకుంటారు. ఇ.ఎస్.ఐ. కార్డు ఉన్నవాళ్లు ఆ ఆసుపత్రి ద్వారా వెళ్లొచ్చు. లేనివాళ్లకు రాయచూరులో ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రి రిమ్స్ ఉంది. అక్కడ చెవి, ముక్కు, గొంతు డాక్టరును అడగండి. వెళ్లేముందు రోజు షిఫ్టు లేకుండా చూసుకోండి, అలిసిన చెవితో వెళ్తే పరీక్ష సరిగా రాదు. ఏ యంత్రం దగ్గర ఎన్నేళ్లుగా, రోజుకు ఎన్ని గంటలు నిలబడుతున్నారో డాక్టరుకు చెప్పండి, అది రాయమని అడగండి. పరీక్ష అయ్యాక గీతలున్న గ్రాఫు కాగితం ఒకటి వస్తుంది, ఆడియోగ్రామ్ అంటారు. దాన్ని రేషన్ కార్డు దాచినట్టు దాచండి. ఏడాది తర్వాత మళ్లీ పరీక్ష చేయించినప్పుడు పక్కన పెట్టి చూడటానికైనా, రేపు పరిహారం అడగాల్సి వచ్చినా ముందు అడిగేది ఆ కాగితమే.