పాటల పెట్టెకు తీగ ఎంత ఖరీదుండాలి?

బోరు మోటారు లెక్కే స్పీకరుకూ చెల్లుతుంది

కళ్యాణదుర్గం: వైరు సన్నమైతే ఏమవుతుందో ఈ ప్రాంతపు రైతుకు ఎవరూ చెప్పనక్కరలేదు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన లెక్కల్లో ఉన్నా, అది వేళకు కురిసే ఏళ్ళు తక్కువ. అందుకే చాలామందికి బోరే దిక్కు. నీరు అడుగంటిన కొద్దీ మోటారును ఇంకా కిందికి దించాలి. పైపుతోపాటు కేబులూ పొడవవుతుంది. పొడవు పెరిగినప్పుడు మందం కూడా పెంచకపోతే మోటారుకు వోల్టేజి చాలదు. అప్పుడది కరెంటు ఎక్కువ లాగుతుంది, వేడెక్కుతుంది, చివరికి చుట్ట కాలిపోతుంది. కుందుర్పి, శెట్టూరు, కంబదూరు, బ్రహ్మసముద్రం వైపు మోటారు చుట్టించుకున్న రైతులందరికీ తెలిసిన సంగతే ఇది.

ఇదే లెక్క ఇంట్లో పాటలు వినే స్పీకరు తీగకూ వర్తిస్తుంది. రేడియో, టేప్‌రికార్డరు కాలంలో ఈ గొడవ లేదు. స్పీకరు పెట్టెలోనే ఉండేది. ఇప్పుడు పట్టణంలోని ఇళ్ళలో ఆంప్లిఫయరు వేరు, స్పీకర్లు వేరు. బెంగళూరు ఎస్.పి. రోడ్డు నుంచి తెచ్చుకునేవారు కొందరు, ఫోనులోనే తెప్పించుకునేవారు కొందరు. సామాను ఇంటికి చేరాక పుట్టే ప్రశ్న ఒకటే: మధ్యలో ఏ తీగ వేయాలి? మామూలు రాగి తీగ మీటరు కొన్ని పదుల రూపాయలకు దొరుకుతుంది. విదేశీ తీగలకు వేల రూపాయలు అడుగుతారు. వాటితో గొంతు తియ్యనవుతుందనీ, డోలు మోత లోతుగా వస్తుందనీ చెబుతారు. ఇందులో నిజమెంత?

లెక్క ఏం చెబుతుంది?

ఇళ్ళలోని స్పీకర్లు చాలావరకు 8 ఓములవి. స్పీకరు 5 మీటర్ల దూరంలో ఉంటే, పోను రాను కలిపి కరెంటు 10 మీటర్ల తీగలో నడవాలి. ఒకటిన్నర చదరపు మిల్లీమీటర్ల రాగి తీగైతే దాని నిరోధం దాదాపు 0.12 ఓము. దీనివల్ల తగ్గే శబ్దం డెసిబెల్‌లో ఎనిమిదో వంతు. అంత చిన్న తేడా చెవికి అందదు.

అదే చోట 24 గేజి సన్న తీగ వేస్తే నిరోధం 0.84 ఓముకు పెరుగుతుంది. ఆంప్లిఫయరు 10 వోల్టులు పంపితే స్పీకరుకు చేరేవి 9 వోల్టులే. పైగా ఏ స్పీకరూ అన్ని స్వరాలకూ ఒకే నిరోధం చూపదు. కొన్నిటికి ఎక్కువ, కొన్నిటికి తక్కువ. అందుచేత సన్న తీగ కొన్ని స్వరాలను ఎక్కువగా, కొన్నిటిని తక్కువగా కోస్తుంది. పాట రంగు మారేది ఇక్కడే.

తీగ నిరోధం స్పీకరు నిరోధంలో నూటికి 5 వంతులు దాటకుండా చూసుకుంటే చాలన్నది ఒక మోటు లెక్క. 8 ఓముల స్పీకరుకు అది 0.4 ఓము. 4 ఓముల స్పీకరుకు 0.2 ఓము.

మైకు సెట్టు ఉపాయం

పెళ్ళిళ్ళకూ, తిరునాళ్ళకూ మైకు సెట్టు కట్టేవారికి ఈ చిక్కు ఇంకా పెద్దది. గుడి దగ్గర ఆంప్లిఫయరు, ఊరి చివర గొట్టం స్పీకరు. మధ్య దూరం 200 మీటర్లనుకుంటే, ఒకటిన్నర మిల్లీమీటర్ల తీగ నిరోధమే 4.6 ఓములు. 8 ఓముల స్పీకరును నేరుగా తగిలిస్తే మూడో వంతుకు పైగా శక్తి తీగలోనే ఖర్చవుతుంది.

దీనికి ఉపాయం 100 వోల్టుల లైను. ఆంప్లిఫయరు దగ్గర వోల్టేజి పెంచి, స్పీకరు దగ్గర చిన్న ట్రాన్స్‌ఫార్మరుతో దించుతారు. అప్పుడు 20 వాట్ల గొట్టం లైనుకు 500 ఓములుగా కనిపిస్తుంది. దాని ముందు 4.6 ఓములు ఏపాటి? దూరాలకు కరెంటు పంపే హైటెన్షన్ లైన్ల కిటుకూ ఇదే.

చెవి చేసే మోసం

స్పీకరు తీగకు ప్రత్యేకమైన పేరూ, ధరా అమెరికాలో 1970ల చివర మొదలయ్యాయి. అంతకుముందు అక్కడ ఇళ్ళలో దీపాలకు వాడే జంట తీగనే స్పీకర్లకూ వేసేవారు. 1983 ఆగస్టులో స్టీరియో రివ్యూ అనే పత్రిక ఈ తగవును పరీక్షకు పెట్టింది. ఖరీదైన తీగ, 16 గేజి మామూలు తీగ, 24 గేజి సన్న తీగ తీసుకుని, ఏది ఎక్కడ ఉందో చెప్పకుండా వినిపించారు. శబ్దం స్థాయిని సమానం చేశాక ఖరీదైన తీగకూ 16 గేజి తీగకూ తేడాను శ్రోతలు నిలకడగా చెప్పలేకపోయారు. సన్న తీగను మాత్రం పట్టుకోగలిగారు. అదీ సంగీతంతోకంటే హోరు శబ్దంతోనే తేలికగా పట్టుకున్నారు.

2007లో అమెరికా ఇంద్రజాలికుడు జేమ్స్ ర్యాండీ ఒక పందెం వేశాడు. 7,250 డాలర్ల తీగల జతను మంచి మామూలు తీగల నుంచి చెవితోనే వేరు చేసినవారికి 10 లక్షల డాలర్లు ఇస్తానన్నాడు. ఆ సొమ్ము ఎవరికీ దక్కలేదు.

తేడా వినిపించిందని చెప్పేవారంతా అబద్ధమాడుతున్నారని కాదు. కాస్త గట్టిగా పలికేది చెవికి మెరుగ్గా తోస్తుంది. డబ్బు పెట్టి కొన్నది బాగుందని మనసు ముందే తీర్మానించుకుంటుంది. అనుమానం తీర్చుకోవాలంటే ఇంట్లోనే దారి ఉంది. ఒకరు తెర వెనుక నాణెం ఎగరవేసి తీగ మార్చాలి, ఇంకొకరు విని చెప్పాలి. శబ్దం పెంచకూడదు, తగ్గించకూడదు. పదిసార్లలో అయిదుసార్లు సరిగ్గా చెబితే అది బొమ్మా బొరుసే. 9 సార్లో పదిసార్లో చెప్పగలిగితే నమ్మవచ్చు. గుడ్డిగా ఊహిస్తే అంత సరిగ్గా చెప్పే అవకాశం నూటికి ఒకటి మాత్రమే.

నిజంగా చూడవలసినవి

స్పీకరు వెనుక ఎరుపు, నలుపు మరలు ఉంటాయి. రెండు స్పీకర్లలో ఒకదానికి తీగలు తారుమారైతే ఒకటి గాలిని ముందుకు నెడుతుంటే రెండోది వెనక్కి లాగుతుంది. డోలు మోత చచ్చిపోతుంది. ఇది సరిచేయడానికి పైసా ఖర్చు లేదు.

మెలిపెట్టి వదిలేసిన జాయింట్లు దుమ్ముకూ తేమకూ నల్లబడతాయి. ఆ చివర కత్తిరించి, కొత్తగా ఒలిచి, మర గట్టిగా బిగిస్తే చాలు. టీవీ నుంచో ప్లేయరు నుంచో ఆంప్లిఫయరుకు వచ్చే సన్న తీగ సంగతి వేరు. దానికి చుట్టూ లోహపు అల్లిక సరిగ్గా ఉండాలి. కరెంటు వైరు పక్కనే దాన్ని పరిస్తే గుయ్‌మనే మోత వచ్చే ప్రమాదం ఉంది.

అన్నిటికంటే జాగ్రత్త పడవలసింది రాగి పేరుతో వచ్చే అల్యూమినియంతో. పైన రాగి పూత, లోపల తెల్లని లోహం. అల్యూమినియం నిరోధం రాగికి 1.6 రెట్లు. బరువు మూడో వంతుకూ తక్కువ. తీగ చివర కత్తితో గీకితే తెలుపు కనిపిస్తుంది. నాలుగైదుసార్లు వంచితే పుటుక్కున విరిగినా అనుమానించాలి. స్పీకరుకైతే పాట పలచబడి ఊరుకుంటుంది. ఇదే సరుకు బోరులోకి దిగితే మోటారు పోతుంది, దానితో పంటా పోతుంది. కొనేముందు గీకి చూడడం తప్పు కాదు.

ఒక ఇంటికి కావలసింది ఒకటిన్నర నుంచి రెండున్నర మిల్లీమీటర్ల అసలు రాగి తీగ, శుభ్రమైన జాయింట్లు, సరైన మరకు సరైన కొస. మిగిలిన డబ్బు స్పీకరు మీద పెడితే ఆ తేడా చెవికి తెలుస్తుంది. పెట్టకుండా దాచుకుంటే, మోటారు మరమ్మతుకు ఎప్పుడు కావలసి వస్తుందో తెలియని ఈ నేలలో అదీ మంచి పనే.