అమ్మ కంటికి ఆలస్యమెందుకు?

శుక్లం వచ్చేటప్పుడు ఆడా మగా అని చూడదు. వయసు మళ్ళిన కళ్ళకు కొంచెం ముందో వెనకో అది వస్తుంది. దాన్ని తీయించటంలో మాత్రం మన ఇళ్ళల్లో చాలాచోట్ల తేడా కనిపిస్తుంది. తండ్రి చూపు మందగిస్తే పనులు ఆగిపోతాయి కనుక ఆస్పత్రి ప్రయాణం త్వరగానే కడతాం. తల్లి చూపు మందగిస్తే "పెద్దతనం కదా, ఇంట్లోనే వుంటుంది కదా" అని సరిపెట్టుకుంటాం. ఆమె కూడా "నాకేం లేవయ్యా, ఈ కాస్త చూపుతో వెళ్ళిపోతాను" అంటుంది. ఆ మాటను మనం నిజమని నమ్మేస్తాం.

ఇందులో తల్లి మీద ప్రేమ లేకపోవటమేమీ లేదు. ఆమెకు కూడా చూపు అవసరమన్న సంగతి ఎవరికీ తట్టకపోవటమే వుంది. ఆ మరుపు వల్ల ఎన్ని కళ్ళు చీకటిలో వుండిపోతున్నాయో చూడండి.

లెక్కలు చెప్పే మాట

ఏలూరు దగ్గరి సోమవరప్పాడులో పుట్టిన సినీ దర్శక నిర్మాత ఎల్‌.వి.ప్రసాద్ గారి విరాళంతో, డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు గారి ఆధ్వర్యంలో 1987లో హైదరాబాదులో నేత్ర వైద్య సంస్థ ఒకటి ప్రారంభమైంది. ఆ సంస్థ వైద్యులు 1996 నుంచి 2000 వరకు రాష్ట్రంలో కంటి జబ్బుల మీద పెద్ద పరిశీలన జరిపారు. హైదరాబాదు నగరంతోబాటు ఆదిలాబాదు, మహబూబ్‌నగర్, పశ్చిమ గోదావరి జిల్లాల పల్లెల్లో మొత్తం 10,293 మందిని పరీక్షించారు. అప్పటికి ఏలూరు, తాడేపల్లిగూడెం రెండూ పశ్చిమ గోదావరి జిల్లాలోవే. ఏలూరు వేరే జిల్లా అయింది 2022లో.

ఆ పరిశీలనలో నూటికి 1.84 మంది అంధులని తేలింది. ఆ అంధత్వంలో 44 శాతానికి కారణం శుక్లం. మరో 16 శాతానికి కారణం సరైన కళ్ళజోడు లేకపోవటం. అంటే పదిమంది అంధుల్లో ఆరుగురు ఒక చిన్న ఆపరేషన్‌తోనో, ఒక జత అద్దాలతోనో చూడగలిగినవారే. పేదలలోను, పల్లెవాసులలోను, స్త్రీలలోను అంధత్వం ఎక్కువగా వున్నదని కూడా ఆ పరిశీలన చెప్పింది. పల్లెలో వున్న పేద వృద్ధురాలిలో ఈ మూడూ కలుస్తాయి.

ఆ తర్వాతి కాలంలోనూ ఈ తేడా పోలేదు. 2015-19 మధ్య దేశమంతటా 50 ఏళ్ళు దాటినవారిని పరీక్షించిన జాతీయ సర్వేలో అంధత్వం పురుషులలో నూటికి 1.67 వుంటే, స్త్రీలలో 2.31 వుంది. అందులో మూడింట రెండు వంతులు శుక్లం వల్ల వచ్చిందే. 2020 అంచనా ప్రకారం ప్రపంచంలో అంధులు 4 కోట్ల 33 లక్షల మంది. వారిలో 2 కోట్ల 39 లక్షల మంది స్త్రీలు.

స్త్రీలు ఎక్కువ కాలం బతుకుతారు కనుక శుక్లాలు కూడా వారికే ఎక్కువ వస్తాయని కొందరంటారు. అందులో కొంత నిజం వుంది. కాని పూర్తి కారణం అది కాదు. పేద దేశాలలో మగవారికి అందినంతగా ఆడవారికి కూడా ఆపరేషన్ అందితే, శుక్లం వల్ల వచ్చే అంధత్వం సుమారు ఎనిమిదో వంతు తగ్గిపోతుందని 2002లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో వచ్చిన పరిశోధన లెక్క కట్టింది. కొత్త మందు, కొత్త యంత్రం ఏదీ అక్కర్లేదు. ఉన్న వైద్యం ఇద్దరికీ సమానంగా అందితే చాలు.

శుక్లం అంటే ఏమిటి?

కంటి మీద పొర కమ్మిందని అంటూ వుంటాం. నిజానికి అది కంటి పైన పొర కాదు. కనుపాప వెనక గాజుబిళ్ళలాంటి కటకం ఒకటి వుంటుంది. కోడిగుడ్డులోని సొన పచ్చిగా వున్నప్పుడు నీళ్ళలా వుండి, ఉడికితే తెల్లబడుతుంది కదా. ఈ కటకం కూడా వయసుతోబాటు అలాగే మసకబారుతుంది. అదే శుక్లం.

మధుమేహం వున్నవారికి, కంటికి దెబ్బ తగిలినవారికి, స్టెరాయిడ్ మందులు ఎక్కువకాలం వాడినవారికి శుక్లం ముందే రావచ్చు. పొగాకు, చుట్ట, తీవ్రమైన ఎండ కూడా కంటికి చెరుపే. కట్టెల పొయ్యి పొగకు, శుక్లానికి సంబంధం వున్నదని కొన్ని పరిశోధనలు సూచించాయి. గ్యాసు పొయ్యి రాకముందు నలభై ఏళ్ళు పొగలో వండిన మన అమ్మలకు ఈ సంగతి కొత్తగా చెప్పనక్కర్లేదు.

లక్షణాలు నెమ్మదిగా వస్తాయి. దీపం చుట్టూ కాంతివలయం కనిపిస్తుంది. ఎదురుగా వచ్చే లారీ లైటు కంటిని కమ్మేస్తుంది. రంగులు వెలిసినట్టుంటాయి. ఇక్కడ ఒక విచిత్రం కూడా జరుగుతుంది. ఇన్నాళ్ళూ జోడు లేనిదే సూదిలో దారం ఎక్కించలేని మామ్మ హఠాత్తుగా జోడు తీసేసి ఎక్కించేస్తుంది. మామ్మకు చూపు తిరిగి వచ్చిందని ఇంటిల్లిపాదీ సంతోషిస్తారు. చాలాసార్లు అది శుక్లం మొదలవటానికే గుర్తు. కొన్నాళ్ళకు ఆ దగ్గరి చూపు కూడా మసకేస్తుంది.

ఆమె ఎందుకు వెనకబడుతుంది?

వట్లూరునే తీసుకోండి. ఏలూరును ఆనుకునే వుంది. రైలు స్టేషను వుంది, బస్సులు, ఆటోలు వున్నాయి. అక్కడి వృద్ధురాలికి ఆస్పత్రి దూరమని ఎవరూ అనలేరు. ఆమెకు కష్టమైనది వంటగది నుంచి వీధి గుమ్మం దాకా వున్న దూరమే.

మొదటి కారణం, ఆమె చూపు తగ్గిన సంగతి ఎవరికీ తెలియదు. నలభై ఏళ్ళుగా తిరిగిన వంటిల్లు కనుక ఉప్పు డబ్బా ఎక్కడుందో, పప్పు డబ్బా ఎక్కడుందో చేతికి తెలుసు. తడుముకుంటూ వండేస్తుంది. మగవాడు సైకిలు తొక్కలేకపోయిన రోజున, సంతకం వంకర పోయిన రోజున అందరికీ తెలుస్తుంది. ఆమెకైతే అన్నంలో రాయి తగిలిన రోజున విసుక్కోవటమే తప్ప, ఆ రాయి ఎందుకు మిగిలిందో ఎవరూ ఆలోచించరు.

రెండవది, డబ్బు ఆమె చేతిలో వుండదు. ఆపరేషన్ ఉచితమే కావచ్చు. ఆటో కిరాయి, వెంట వెళ్ళేవారి ఒకటి రెండు రోజుల కూలి మాత్రం ఉచితం కావు. చేపల చెరువుల పనికో, రొయ్యలు ఒలవటానికో, నాట్లకో వెళ్ళే కుటుంబానికి అది లెక్కలోకి వచ్చే డబ్బే. ఆ ఖర్చు తన కోసం పెట్టమని అడగటానికి ఆమెకు నోరు రాదు. భర్త పోయిన స్త్రీకి, కొడుకుల ఇళ్ళల్లో వంతులవారీగా వుండే తల్లికి మరీ కష్టం. ఎవరి వంతులో ఆపరేషన్ చేయించాలన్నది తేలేసరికి ఏడాది గడిచిపోతుంది.

మూడవది, తోడు. మగవాడు ఒంటరిగా బస్సెక్కి వెళ్ళిపోతాడు. ఆమెకు ఎవరో ఒకరు రావాలి. కొల్లేటి లంక గ్రామాలలో ఇది ఇంకా కష్టం. తమ్మిలేరు, బుడమేరు నీళ్ళు వచ్చి దారులు మునిగే రోజుల్లో ఆరోగ్యవంతులకే ప్రయాణం గండం. చూపు ఆనని ముసలమ్మ సంగతి చెప్పాలా?

నాలుగవది, భయం. 1980ల దాకా ఈ ఆపరేషన్‌లో కటకం మొత్తం తీసేసి, దానికి బదులు దళసరి సోడాబుడ్డి అద్దాలు ఇచ్చేవారు. ఆ జోడు పగిలితే చూపు మళ్ళీ పోయినట్టే. రోజుల తరబడి కదలకుండా పడుకోవలసి వచ్చిందని తమ పెద్దలు చెప్పిన మాటలు ఇంకా మనసులో వుంటాయి.

ఇన్నింటికంటే బలమైన కారణం "ఇంతమాత్రం చూపు చాల్లే" అనుకోవటం. చూపు తగ్గినా వైద్యానికి వెళ్ళని మన రాష్ట్రపు పల్లెవాసులను అడిగితే, డబ్బు లేక వెళ్ళలేదన్నవారి కంటే ఇలాంటి సొంత కారణాలు చెప్పినవారే ఎక్కువమందని 2007లో వెలువడిన ఒక పరిశీలన తెలిపింది.

ఆగితే ఏమవుతుంది?

"శుక్లం పండాలి, అప్పుడే తీస్తారు" అన్నది పాతకాలపు మాట. ఈనాడు పండేవరకు ఆగనక్కర్లేదు. రోజువారీ పనులకు చూపు అడ్డం వస్తున్నప్పుడే తీయించుకోవచ్చు. మరీ ముదిరిపోతే కటకం ఉబ్బిపోయి, లేదా కరిగి బయటకు వచ్చి కంటిలో ఒత్తిడి పెంచుతుంది. కన్ను ఎర్రబడి, భరించరాని నొప్పి, తలనొప్పి, వాంతులు వస్తాయి. దీన్ని పైత్యమనో, ఒంటి తలనొప్పి అనో అనుకుని పట్టు వేసి పడుకోబెట్టకండి. ఆ రోజే ఆస్పత్రికి తీసుకువెళ్ళాలి. ఒత్తిడి వల్ల కంటి నరం చచ్చిపోతే ఆ తర్వాత ఎంత గొప్ప డాక్టరూ ఆ చూపును తిరిగి తేలేడు. శుక్లం వల్ల పోయిన చూపు తిరిగి వస్తుంది. ఆలస్యం వల్ల పోయిన చూపు రాదు.

ఇది కాక చీకటి గుమ్మంలో కాలు జారి తుంటి ఎముక విరగటం, పొయ్యి దగ్గర చీర అంటుకోవటం వంటి ప్రమాదాలు వుండనే వున్నాయి.

ఈనాటి ఆపరేషన్

కన్ను మాత్రం మొద్దుబారేట్టు మందు ఇస్తారు. చిన్న గాటు పెట్టి, మసకబారిన కటకాన్ని తీసి, ఆ స్థానంలో కృత్రిమ కటకం అమరుస్తారు. సాధారణంగా అరగంట లోపే అయిపోతుంది. చాలామందికి కుట్లు కూడా వుండవు. ఎక్కువమంది ఆ రోజో, మరునాడో ఇంటికి వచ్చేస్తారు. సోడాబుడ్డి అద్దాల అవసరం లేదు. దగ్గరి చూపుకు మామూలు జోడు కావలసి రావచ్చు.

1976లో మొదలైన జాతీయ అంధత్వ నివారణ కార్యక్రమం కింద ప్రభుత్వ ఆస్పత్రులలోను, దానితో కలిసి పనిచేసే ధర్మ సంస్థల ఆస్పత్రులలోను శుక్లం ఆపరేషన్ ఉచితంగా చేస్తారు. మీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనో, ఆశా కార్యకర్తనో అడిగితే ఎక్కడికి, ఏ రోజున వెళ్ళాలో చెబుతారు.

ఇంట్లోవారు చేయవలసినవి

"కనిపిస్తోందా అమ్మా?" అని అడగకండి. "కనిపిస్తోంది నాయనా" అనే అంటుంది. పగటి వెలుతురులో ఆమెకు 20 అడుగుల దూరంలో నిలబడండి. జోడు వుంటే పెట్టుకోనివ్వండి. ఒక కన్ను అరచేత్తో, నొక్కకుండా, మూయమని చెప్పి రెండో కంటితో మీ వేళ్ళు లెక్కపెట్టమనండి. రెండు, నాలుగు, ఒకటి అని వరస మార్చి చూపండి. తర్వాత రెండో కన్ను. ఏ కంటితో లెక్క తప్పినా ఆ వారంలోనే కంటి డాక్టరుకు చూపించాలి. లెక్క సరిగా చెప్పినా 50 దాటినవారికి ఏడాదికొకసారి పరీక్ష మంచిది. సంక్రాంతికి పిల్లలందరూ ఇంటికి వచ్చినప్పుడు ఈ పరీక్షకు పది నిమిషాలు చాలు. ఎవరు తోడు వెళ్ళాలో, ఖర్చు ఎవరిదో కూడా ఆ రోజే తేల్చుకోండి.

ఆపరేషన్ తర్వాత ఆమెను బాలింతను చూసుకున్నట్టు చూసుకోవాలి. మగవాడు ఆపరేషన్ అయి వస్తే మంచం మీద పడుకుంటాడు. ఆమె మూడో రోజునే పొయ్యి దగ్గర చేరుతుంది. పొగ, పోపు చిట్లటం, మురికినీళ్ళు కొత్త కంటికి పనికిరావు. డాక్టరు చెప్పినన్నాళ్ళు వంట మరొకరు చేయాలి. చుక్కలమందు వేసే మనిషి ఒకరుండాలి. సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు వేయవలసి వుంటుంది. చేతులు సబ్బుతో కడుక్కున్నాకే మందు వేయాలి. డాక్టరు అనుమతించేవరకు తలస్నానం వద్దు, కన్ను నలపవద్దు, బరువులెత్తవద్దు. నొప్పి, ఎరుపు పెరిగినా, చూపు తగ్గినా తెల్లవారేదాకా ఆగకుండా ఆపరేషన్ చేసిన ఆస్పత్రికే వెళ్ళండి.

కొన్ని సందేహాలు

*చుక్కల మందుతో శుక్లం కరగదా?*
కరగదు. అలా కరిగించే మందు ఇంతవరకు లేదు. ఆకు పసరు, చనుబాలు, తేనె, ఆముదం కంట్లో పోయటం వల్ల కన్ను చీము పట్టి, వున్న చూపు కూడా పోవచ్చు.

*షుగరు, రక్తపోటు వున్నవారికి చేయవచ్చా?*
చేయవచ్చు. ముందు వాటిని అదుపులోకి తెచ్చుకోవాలి. మధుమేహం వల్ల కంటి వెనక పొర కూడా చెడివుండవచ్చు కనుక దాన్ని కూడా పరీక్షించమని అడగండి. నీటికాసుల జబ్బు వుందేమో కూడా చూస్తారు. చూపు తగ్గటానికి ప్రతిసారీ శుక్లమే కారణం కాదు.

*ఒక కంటికి చేయించాం, చాలదా?*
రెండో కంట్లోనూ శుక్లం వుండి చూపు అడ్డుతుంటే దాన్నీ తీయించాలి. మెట్టు లోతు తెలియటానికి, తడబడకుండా నడవటానికి రెండు కళ్ళూ కావాలి.

*శిబిరాలలో ఆడవాళ్ళే ఎక్కువ కనిపిస్తున్నారు కదా?*
సంతోషమే. అయితే శుక్లాలున్న స్త్రీలే ఎక్కువ. ఎంతమంది వచ్చారన్నదే కాదు, రావలసినవారిలో ఎంతమంది ఇంట్లో మిగిలిపోయారన్నది కూడా చూడాలి.

అమ్మను ద్వారకా తిరుమలకు తీసుకువెళ్ళే కొడుకులున్నారు, కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరకు నడిపించుకు వెళ్ళే కూతుళ్ళున్నారు. ఆ ప్రయాణాలకు ముందు ఒకసారి కంటి ఆస్పత్రికి కూడా తీసుకువెళ్ళండి. అక్కడి దేవుడిని ఆమె తన కళ్ళతో చూడగలగాలి కదా!